ప్లీహములో నీటితిత్తి

ఎడమ ప్రక్కటెముకల క్రింద చేతికి గట్టిగా తగులు వాపును మన పల్లెలలో ‘కడుపులో బల్ల’ అందురు. బల్ల యనగానే చలిజ్వరము జ్ఞప్తికి వచ్చుట సహజమే; మలేరియావలన ప్లీహము ఉబ్బుట తరచు. కాని ప్రతి బల్లయు జ్వరపు బల్ల కాదు. జ్వరమేమియు లేక, ఏండ్ల తరబడి మెల్లగా పెరుగుచు, ఎడమవైపున బరువుగా మాత్రమే తోచునది ఒక్కొక్కప్పుడు నీటితిత్తి యగును.

దీనికి మూలము ఎకినోకోకస్ గ్రాన్యులోసస్ అను చిన్న బద్దెపురుగు. పొడవు 7 మిల్లీమీటర్లకు మించదు. కుక్క ప్రేగులలో కాపురముండును. కుక్క విసర్జించిన గ్రుడ్లు మేతతో గొఱ్ఱె కడుపులోనికిని, చేతులనో కూరగాయలనో అంటి మన కడుపులోనికిని పోవును. గొఱ్ఱె కాలేయములోని తిత్తిని తిన్న కుక్కకు మరల పురుగు పట్టును. మాంసపు దుకాణముల ముంగిట కుక్కలకు అట్టి ముక్కలు విసరుట మనమందరము చూచుచునే యున్నాము. మన కడుపులో గ్రుడ్డునుండి వెలువడిన పిల్లపురుగు ప్రేగుగోడను తొలిచి రక్తములో పడును. కాలేయమును ఊపిరితిత్తులును జల్లెడవలె చాలవరకు దానిని పట్టివేయును. ఆ రెండు జల్లెళ్లను దాటి ప్లీహమును చేరునది బహు స్వల్పము. కావుననే వైద్యునికి సైతము వెంటనే స్ఫురింపదు. గొఱ్ఱెల మందలు గల కర్నూలు ప్రాంతమున ఈ వ్యాధి వ్యాప్తినిగూర్చిన పరిశోధన 1968లోనే వెలువడినది.

పూర్వము 1911లో కసోని కనిపెట్టిన చర్మపరీక్షపై ఆధారపడెడివారు. అది నమ్మదగినది కాదని తేలి మూలబడినది. ఇప్పుడు అల్ట్రాసౌండ్ పరీక్షలో పెద్ద తిత్తిలోపల పిల్లతిత్తులు కనబడినచో సందేహము చాలవరకు తీరును. సి.టి. స్కాన్ దాని చుట్టుప్రక్కల స్థితిని తెలుపును. రక్తపరీక్షలో ఏమియు తేలనంతమాత్రమున వ్యాధి లేదనరాదు. తిత్తి ఏమిటో తెలియకముందే సూది గ్రుచ్చి చూతమను తొందర మాత్రము తగదు. లోని నీరు కడుపులో చిందినచో ప్రాణాపాయకరమైన ఎలర్జీ కలుగవచ్చును. క్రొత్త తిత్తులకు విత్తనములు చల్లినట్లును అగును.

పెద్ద తిత్తికి మందులొక్కటియే చాలుట అరుదు. ఆల్బెండజోల్‌ను శస్త్రచికిత్సకు ముందును పిమ్మటను వాడుదురు. ప్లీహమును మొత్తముగ తీసివేయుట చిరకాలపు పద్ధతి. అయితే న్యుమోకోకస్ వంటి సూక్ష్మజీవులనుండి మనలను కాచునది ఆ ప్లీహమే. కనుక తిత్తి ఒక కొసనున్నచో, ముఖ్యముగ పిల్లలలో, మిగిలిన భాగమును నిలుపుటకు శస్త్రవైద్యులు యత్నింతురు. తీసివేయక తప్పనప్పుడు, వీలైనచో కనీసము 14 దినములకు ముందే టీకాలు వేయింపవలెను. ప్లీహము లేనివారికి వచ్చిన జ్వరమును రేపు చూతమని ఊరకుండరాదు. గంటలలోనే ప్రాణము మీదికి రావచ్చును. ఆనాడే ఆసుపత్రికి పోయి, తమకు ప్లీహము తీసివేసిన సంగతిని మొదటనే చెప్పవలెను. తిత్తి మరల పుట్టకుండెనా యని కొన్నేండ్లపాటు అల్ట్రాసౌండ్ పరీక్షయు చేయించుకొనుచుండవలెను.