పాలారు సీమ రుచులు – కొనేవారి కన్ను, చేసేవారి చెయ్యి



సరిహద్దున కాపురముండే మనకు రెండు రాష్ట్రాల రుచులూ ఇంటి రుచులే. వి.కోట నుంచి కనుమ దిగితే పేర్ణాంబట్టు, అది దాటితే గుడియాత్తం. కుప్పంలో రైలెక్కితే తిరుపత్తూరు జిల్లాలోని జోలార్‌పేట. చిత్తూరు నుంచి వేలూరు ఎంతో దూరం లేదు. 1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడేవరకు చిత్తూరు, వేలూరు, గుడియాత్తం అన్నీ ఉత్తర ఆర్కాటు జిల్లాలోనివే. అప్పట్లో ఆ జిల్లాకు ముఖ్యపట్టణం చిత్తూరే. మొన్న మొన్న, అంటే 2019 నవంబరులో, వేలూరు జిల్లా నుంచి రాణిపేట, తిరుపత్తూరు విడిపోయి వేరే జిల్లాలయ్యాయి. జిల్లాల హద్దులు ఎన్నిసార్లు మారినా ఇక్కడి సంగటి ముద్ద మారలేదు. మనం సంగటి అన్నదాన్ని వారు కళి అంటారు, మనం అంబలి అన్నదాన్ని వారు కూళు అంటారు. అంతే తేడా.

ఈ ప్రాంతంలో చేతిపనితనంతో తయారయ్యే తిండి పదార్థాలను గురించి, వాటిని చేసేవారిని గురించి ఈ రోజు నాలుగు మాటలు చెప్పుకుందాం. నేత నేసేవారిని, బొమ్మ చెక్కేవారిని కళాకారులంటాం. బెల్లం వండేవారిని మాత్రం అలా అనం. కాని ఒకసారి గానుగ దగ్గర నిలబడి చూడండి, ఆ పని ఎంత నేర్పుతో కూడుకున్నదో తెలుస్తుంది.

చెరకు కొట్టిన తరువాత ఎక్కువసేపు నిలవ ఉంచకూడదు. ఉంచితే అందులోని చక్కెర గుణం మారిపోయి బెల్లం గట్టిపడదు. అందుకే కొట్టిన చెరకును ఆ రోజో మరునాడో ఆడేస్తారు. రసాన్ని పెద్ద బాణలిలో పోసి, ఎండబెట్టిన చెరకు పిప్పినే పొయ్యిలో వేసి కాస్తారు. రసం కాగుతుంటే మురికి తెట్టులా పైకి తేలుతుంది. అది తేలడానికి కాస్త సున్నపు తేట వేస్తారు. బెండ మొక్క కాండాన్ని నలిపి నీటిలో నానబెడితే వచ్చే జిగురు కూడా పోస్తారు. ఆ జిగురు మడ్డిని పట్టుకొని పైకి తెస్తుంది. పొంగు ఎక్కువైతే నాలుగు చుక్కల ఆముదం. చివరికి పాకం కుదిరిందా లేదా అన్నది వండేవాని చేతిలో ఉంది. కాస్త పాకం నీళ్లలో వేసి వేళ్లతో ఉండ చేసి చూస్తాడు. క్షణం ముందు దింపితే ముద్ద కట్టదు, క్షణం ఆలస్యమైతే మాడిన వాసన. నూరు కిలోల చెరకుకు సుమారు పది కిలోల బెల్లం దిగుతుంది. అందులో కూలి, వంటచెరకు, చెరకు రైతు కష్టం అన్నీ ఇమిడి ఉన్నాయి.

ఇలా వండిన బెల్లం ఏ రంగులో ఉంటుంది? లేత గోధుమ రంగు నుంచి ముదురు రంగు దాకా, నేలను బట్టి, చెరకు రకాన్ని బట్టి ఉంటుంది. కాని మండీలో ధర పలికేది తెల్లని బెల్లానికి. మనం అంగడికి పోయి ఏమడుగుతాం? “మంచి పసుపుపచ్చ బెల్లం ఇవ్వవయ్యా” అంటాం. ఆ మాట అంగడి నుంచి మండీకి, మండీ నుంచి గానుగకు చేరుతుంది. చేరేసరికి అది ఆజ్ఞ అవుతుంది. అప్పుడు బాణలిలో హైడ్రోస్ పడుతుంది. హైడ్రోస్ అంటే సోడియం హైడ్రోసల్ఫైట్. రంగును విరిచే గంధకపు మందు. విచిత్రమేమంటే ఆ తెలుపు నిలవదు. కొన్నాళ్లు నిలవ ఉంచితే బెల్లం మళ్లీ ముదురు రంగుకు తిరుగుతుంది. గంధకపు శేషం మాత్రం అందులో మిగులుతుంది. బెల్లంలో అది ఎంతవరకు ఉండవచ్చో ఆహార చట్టం హద్దు పెట్టింది. ఆ హద్దును పరీక్షించే సాధనం మన వంటింట్లో లేదు కదా!

దీనికి తోడు పాలారు కథ ఒకటుంది. కర్ణాటకలో పుట్టి, మన కుప్పం సీమను తాకి, వాణియంబాడి, ఆంబూరు, వేలూరు మీదుగా పోయే ఈ ఏటి గట్టున తోళ్ల కర్మాగారాలు వెలిశాయి. వాటి మురుగు నేలలోకి, బావులలోకి దిగింది. వేలూరు పౌరుల సంఘం వేసిన వ్యాజ్యంలో 1996 ఆగస్టు 28న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పాడుచేసినవారే నష్టం భరించాలన్న సూత్రం మన దేశపు చట్టంలో భాగమని ఆ తీర్పులో స్పష్టం చేసింది. ఉప్పు నీటితో పెరిగిన చెరకు బెల్లం మెత్తబడుతుంది, నల్లబడుతుంది, చెమ్మ పీలుస్తుంది. నీరు చెడితే వండేవాని నేర్పు కూడా ఓడిపోతుంది. బెల్లం బాగుండాలంటే ఏరు బాగుండాలన్నమాట.

ఇకపోతే జవ్వాది కొండలు. తిరుపత్తూరు, తిరువణ్ణామలై, వేలూరు జిల్లాలకు పరుచుకున్న ఈ కొండల మీద మలయాళి గిరిజనులు తరతరాలుగా సామలు పండిస్తున్నారు. ఈ పేరు విని కేరళవారనుకోకండి. మలై అంటే కొండ, కొండను ఏలుకునేవారు మలయాళులు. వానే ఆధారంగా, పెద్దగా ఎరువు లేకుండా పండే పంట సామ. పండించడం ఒక ఎత్తు, పొట్టు తీయడం ఒక ఎత్తు. గింజ చిన్నది, పొట్టు గట్టిగా పట్టి ఉంటుంది. రోట్లో దంచి, చేటలో చెరిగి, మళ్లీ దంచాలి. ఈ పనంతా ఆడవారిదే. పిల్లలకు సామన్నం వండాలంటే తల్లి ముందు చేతులు నొప్పి పుట్టేలా దంచవలసి వచ్చేది. మరలు వచ్చాక ఆ శ్రమ తగ్గింది, మంచిదే. కాని ఇక్కడా తెలుపు మోజే వచ్చి కూర్చుంది. మరలో ఎక్కువసేపు తిప్పితే తవుడంతా పోయి సామలు ముత్యాల్లా మెరుస్తాయి. పీచు, ఖనిజాలు చాలావరకు ఆ తవుడుతోనే పోతాయి. తవుడున్న సామలు నూనె గుణం వల్ల త్వరగా మెక్కు వాసన వేస్తాయి గనుక వ్యాపారికి అవి ఇష్టం లేదు. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. పట్టణాల్లో సామలకు గిరాకీ పెరిగింది. అయితే కొనేవారు మెరిసే గింజనే ఏరుకుంటే ఆరోగ్యం కోసం కొన్నదాంట్లో ఆరోగ్యమే తగ్గిపోతుంది.

వేలూరు ముళ్ల వంకాయ సంగతి వినండి. అణైక్కట్టు ప్రాంతంలోని ఇలవంబాడి పేరుతో దీన్ని పిలుస్తారు. కొమ్మకు ముల్లు, ఆకుకు ముల్లు, తొడిమకు ముల్లు. కోసేవారి వేళ్లకు గుచ్చుకుంటుంది, తరిగేవారికీ గుచ్చుకుంటుంది. కాని నూనెలో మగ్గితే వెన్నలా కరుగుతుంది. విత్తనాల కంపెనీల సంకర వంకాయ నున్నగా, నిగనిగలాడుతూ బుట్టలో కూర్చుంటే దీనివైపు చూసేదెవరు? అయినా కొందరు రైతులు ఏటా మంచి కాయను పండబెట్టి విత్తనం తీసి దాచుకుంటూ వచ్చారు. వారి పట్టుదల వల్లే 2023లో దీనికి భౌగోళిక గుర్తింపు దక్కింది. అదే సంవత్సరం మన ఆత్రేయపురం పూతరేకులకూ దక్కింది. ఆ పేరుతో ఇతర ప్రాంతాలవారు అమ్ముకోకుండా ఇది చట్టం ఇచ్చే రక్షణ. కాని చట్టం పేరును కాపాడుతుంది గాని పంటను కాపాడలేదు. కొనేవారుంటేనే విత్తనం మళ్లీ మట్టిలో పడుతుంది.

కంటి మోజుకు లొంగకుండా నిలిచిన ఉదాహరణ కూడా మన దగ్గరే ఉంది. ఆంబూరు బిర్యానీ! ఊరూరా పొడవాటి బాస్మతి బియ్యం వచ్చేసిన కాలంలో కూడా ఆంబూరు వంటవారు జీలకర్రంత ఉండే సీరగ సాంబా బియ్యాన్ని వదల్లేదు. చూపుకు అది పొట్టి బియ్యమే. కాని మాంసపు రసాన్ని చక్కగా పీల్చుకుంటుంది. ఎండుమిరపకాయలను నానబెట్టి నూరిన ముద్దతో రంగు, కారం వస్తాయి. మసాలా తక్కువ. కట్టెల పొయ్యి మీద వండి, మూత మీద నిప్పులు పోసి దమ్ము పెడతారు. పక్కన పుల్లని వంకాయ కూర, పెరుగు పచ్చడి. ఆర్కాటు మక్కన్ పేడా కూడా అంతే. కోవా, మైదా కలిపి, లోపల జీడిపప్పు, పిస్తా వంటివి కూరి, వేయించి, పాకంలో నానబెడతారు. పైకి మామూలు జామూనులా కనబడుతుంది, నోట్లో పెట్టుకుంటే తెలుస్తుంది పేరులోని వెన్న ఏమిటో. వీరు బియ్యాన్ని, పాకాన్ని మార్చి నాలుగు డబ్బులు మిగుల్చుకోవచ్చు. మార్చలేదు గనుకనే దూరం నుంచి వచ్చేవారు కూడా ఆగి తింటున్నారు.

అలాగే అంబలి. వేలూరు ఎండ సంగతి మీకు చెప్పాలా! రాగి పిండిని రాత్రి కలిపి పులియబెట్టి, నూకతో వండి, మజ్జిగ పోసి, చిన్న ఉల్లిపాయలతో బండి దగ్గర అందించే అక్క కూడా పనితనం గలదే. ఎండ వేడిమిని బట్టి పులుపు ఎంతవరకు రానివ్వాలో ఆమెకు తెలుసు. రంగు బూడిద రంగే. సీసాలో ఎర్రగా మెరిసే పానీయం పక్కన అది వెలవెలబోతుంది. కాని మధ్యాహ్నం దాకా కడుపును చల్లగా నిలిపేది ఏదో తాగినవారికి తెలుసు.

కనుక శ్రోతలకు నా మనవి ఇది. ఈసారి బెల్లం కొనేటప్పుడు రంగు చూడకండి, ఏ ఊరి గానుగది, ఎప్పుడు వండినది అని అడగండి. సామలు కొంటే తవుడున్నవి ఇమ్మనండి, కొద్దికొద్దిగా కొని త్వరగా వాడుకోండి. ముళ్ల వంకాయ కనబడితే ముల్లును చూసి వెనక్కి తగ్గకండి. రెండు రూపాయలు ఎక్కువైతే అది ఎవరి చేతికి పోతుందో ఆలోచించండి. చేసేవారు మనం అడిగినదే చేస్తారు. తెలుపు అడిగితే తెలుపు, రుచి అడిగితే రుచి. పది ఇళ్లవారు అడిగితే అంగడివాడు వింటాడు, నూరు ఇళ్లవారు అడిగితే మండీ వింటుంది. అప్పుడు ఆ మాట గానుగ దాకా పోతుంది, కొండ మీది రోటి దాకా పోతుంది.