ఆర్ట్స్ అమ్మాయి, కంప్యూటర్ పేపరు

(పాలకొల్లులో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



హక్కులనగానే మనకు ఆస్తి, కూలి, హింస గుర్తుకొస్తాయి. డిగ్రీలో ఏ పేపరు తీసుకోవాలన్నది హక్కుల సమస్యగా కనిపించదు. నాకూ చాలాకాలం కనిపించలేదు.

పిహెచ్.డి. కోసం రొయ్యల షెడ్లలో పనిచేసే స్త్రీలను సర్వే చేశాను. నింపిన ఫారాలను ఒక కంప్యూటర్ సెంటర్‌కిచ్చాను. పట్టికలు వచ్చాక చూస్తే చాలామంది ‘గృహిణి’గా తేలారు. ‘వృత్తి’ గడిలో ఒక్క జవాబుకే చోటుంది. తెల్లవారుజామున షెడ్డులో రొయ్యల తలలు తీసి, తర్వాత ఇంటి చాకిరీ చేసే మనిషికి ఆ కుర్రాడు ఏదో ఒకటి వేయాలి, వేశాడు. ఇంకోలా చేయొచ్చని తెలిస్తే నేను అడిగేదాన్ని. పితృస్వామ్యం మీద పేజీలకు పేజీలు రాసినదాన్ని, అది నా పట్టికలోకే నడిచొస్తే గుర్తుపట్టడానికి నెలలు పట్టింది.

ఆ ‘ఇంకోలా’ ఏమిటంటే: మనుషులకొక పట్టిక, పనులకొక పట్టిక, రెంటినీ కలపడానికి ప్రతి మనిషికీ ఒక నంబరు. అప్పుడు ఒకే స్త్రీకి ఎన్ని పనులైనా రాసుకోవచ్చు. డేటాబేస్ పేపరులో మొదట్లోనే వచ్చే పాఠమిది. దీనికి ఇంటర్ లెక్కలు అక్కర్లేదు. ఒక బి.ఏ. అమ్మాయి, “లెక్కలు రావు మేడమ్, ఎలా?” అని భయపడింది. మీ ఇంట్లో చీటీపాట లెక్కలు ఎవరు రాస్తారని అడిగాను. “నేనే” అంది.

మన డిగ్రీ కాలేజీల్లో కంప్యూటర్ సైన్స్ చాలాకాలం ప్రధానంగా లెక్కల గ్రూపులతోనే నడిచింది, తర్వాత బి.కాం.లోకి వచ్చింది. బి.ఏ. అమ్మాయికి మిగిలింది బయట టైపింగు, డి.టి.పి. 2023-24లో రాష్ట్రంలో ఒక మేజర్, ఒక మైనర్ పద్ధతి తెచ్చాక చరిత్రో ఆర్థికశాస్త్రమో మేజర్‌గా చదువుతూ కంప్యూటర్‌ను మైనర్‌గా తీసుకునే దారి, కనీసం కాగితం మీద, ఏర్పడింది. కానీ దారి ఉండటం వేరు, ఎంచుకోవడం వేరు. “ఆడపిల్లకు వర్డ్, ఎక్సెల్ చాలు” అనే మాట ఇంట్లోనూ వింటాం, కాలేజీలోనూ వింటాం. ఎక్సెల్ పనికిరాదనను. అయితే అక్కడితో ఆగితే ఇంకొకరు గీసిన గడులు నింపే పనే మన వంతవుతుంది.

ఒక్క పేపరుకే వీలుంటే డేటాబేస్ తీసుకోమంటాను. రెండింటికి వీలుంటే ముందు పైథాన్. సి భాష మంచిదే, కానీ కంప్యూటర్ మేజర్ కాని పిల్లకు సెమిస్టర్‌లో సగం పాయింటర్లతోనే సరిపోతుంది.

ఎలా చెబుతారన్నది కూడా ముఖ్యమే. అమెరికాలో హార్వే మడ్ కాలేజీ 2006 ప్రాంతంలో మొదటి కోర్సును పైథాన్‌కు మార్చి, ముందే ప్రోగ్రామింగ్ వచ్చినవాళ్ళను, రానివాళ్ళను వేరు సెక్షన్లలో కూర్చోబెట్టింది. కంప్యూటర్ సైన్స్ మేజర్‌గా తీసుకునేవారిలో అమ్మాయిలు కొద్ది ఏళ్లలోనే పదో వంతు నుంచి దాదాపు 40 శాతానికి చేరారు. అమ్మాయిల తెలివి మారలేదు, తరగతి మారింది.

కాబట్టి అడ్మిషన్లప్పుడు మనం కాలేజీకి వెళ్ళి అడగాల్సినవి చిన్న విషయాలే. బి.ఏ. వాళ్ళకు ల్యాబ్ వారానికెన్ని గంటలు? ఒక మెషీన్‌కు ఇద్దరైతే కీబోర్డు ఎవరి చేతిలో ఉంటోంది? ల్యాబ్ ఆఖరి పీరియడ్‌లో పెడితే ఆచంట వైపు బస్సెక్కాల్సిన పిల్ల ఏ పేపరు వదులుకుంటుందో మీకు తెలుసు. ఆ టైమ్‌టేబుల్ మార్చమని అడగడానికి నాతో ఎవరెవరు వస్తారో పేర్లు చెప్పండి, రాసుకుంటాను.