మన సంఘాల బండి బాట



యెహోషువ గ్రంథము 4వ అధ్యాయములో ఇశ్రాయేలీయులు యొర్దాను నుండి పన్నెండు రాళ్లు తెచ్చి గిల్గాలులో నిలువబెట్టారు. ఎందుకు? రాబోవు తరాల పిల్లలు వాటిని చూచి, తండ్రులను ప్రశ్నించాలని.

అమెరికాలో 1840ల నుండి 1860ల వరకు లక్షలమంది బండ్లు కట్టుకొని ఆరెగాన్ బాట మీదుగా పడమటికి వలస వెళ్లారు. వ్యోమింగ్ రాష్ట్రంలోని గెర్న్సీ దగ్గర ఆ బండ్లు ఇసుకరాతిని ఐదడుగుల లోతు వరకు అరగదీశాయి. ఆ గాడి నేటికీ ఉంది. మన ప్రాంతానికి సువార్త ఎడ్లబండి మీదనే వచ్చింది. అయితే మనది మట్టిబాట, వానకు చెరిగిపోయే గాడి. మరి దాని గురుతులెక్కడ?

మొదటిది ఒంగోలు కొండ. శామ్యూల్ డే దొరగారు 1840లో నెల్లూరులో పని ప్రారంభించారు. 1854 జనవరి 1న తెల్లవారుజామున లైమన్ జువెట్ దంపతులు, ముగ్గురు తెలుగు విశ్వాసులు ఆ కొండెక్కి ప్రార్థించారు. ఆ ప్రార్థనకు జవాబుగా సేవకుడు రావటానికి పన్నెండేళ్లు పట్టింది. 1866లో జాన్ క్లౌ దొరగారు ఒంగోలులో కాపురం పెట్టారు.

రెండవది గుండ్లకమ్మ యేరు. 1876-78 కరువులో క్లౌ గారు బకింగ్‌హాం కాలువ త్రవ్వకంలో కొంత భాగం గుత్తకు తీసుకొని ఆకలిగొన్నవారికి కూలి కల్పించారు. కూడు కోసం మతంలో చేరారన్న మాట రాకుండా ఆ రోజుల్లో బాప్తిస్మాలు ఇవ్వలేదు. పని ముగిశాక, 1878 జూలై 3న, మద్రాసు-కలకత్తా బాట ఆ యేటిని దాటే వెల్లంపల్లి దగ్గర 2,222 మంది బాప్తిస్మం పొందారు.

మూడవది మన హనుమకొండ. వరంగల్లుకు ఇంకా రైలు రాని 1879లో ఇక్కడ బాప్టిస్టు మిషను పని మొదలైంది.

ప్రియులారా, ఒక్క సంగతి గమనించండి. బండి కంటే ముందు ఆ బాటను నడిచినవారున్నారు. యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ సహోదరుడు తోళ్ల వ్యాపారం మీద ఏలూరు వైపు వెళ్లి అక్కడ సువార్త విన్నాడు. 1866లో బాప్తిస్మం పొంది, ఊరూరా తనవారికి చెప్పాడు. 1867 జనవరిలో క్లౌ గారి బండి ఆ పల్లెకు చేరేసరికి పంట కోతకు సిద్ధంగా ఉంది. వెల్లంపల్లి దగ్గర నీళ్లలో నిలిచి బాప్తిస్మమిచ్చిన ఆరుగురూ తెలుగు బోధకులే.

దొరల పేర్లు మన గుడి గోడల మీద, ఆసుపత్రుల మీద ఉన్నాయి. మంచిదే. కాని బండి తోలినవారు, ముందుగా నడిచి వెళ్లి కబురు చెప్పినవారు, ఇంటింటికీ తిరిగిన బైబిలు స్త్రీలు, వీరి పేర్లేవి? తాత తోలుపని చేశాడని చెప్పుకోవటానికి నేడు కొందరు మనవలు సిగ్గుపడుతున్నారు. పరిశుద్ధ గ్రంథం సిగ్గుపడలేదే! అపొస్తలుల కార్యములు 10వ అధ్యాయం చూడండి. పేతురు దిగిన ఇంటివాని పేరు సీమోను, అతని పని చర్మకారం, ఇల్లు సముద్రపు దరిని అని వివరంగా వ్రాసిపెట్టింది. అన్యజనుల యొద్దకు సువార్త బయలుదేరింది ఆ తోలుపనివాని గడపలోనుండే.

కాబట్టి ఈ వారమే మీ సంఘంలోని పెద్దల దగ్గర కూర్చోండి. మన ఊరికి మొదట వాక్యం ఎవరు తెచ్చారు, ఏ చెట్టు క్రింద కూడుకున్నారు, ఎవరు అన్నం పెట్టారు అని అడగండి. ఒక నోటు పుస్తకంలో వ్రాయండి. పాత బాప్తిస్మపు రిజిష్టర్లను చెదలు పట్టకముందే పైకి తీయండి. ఆ పెద్దలు నిద్రిస్తే, అడిగే పిల్లలున్నా చెప్పే నోరుండదు.

మన గిల్గాలు రాళ్లు ఆ పేర్లే. దేవుడు మిమ్మును దీవించును గాక. ఆమేన్.