శంషాబాద్ పిల్లల ఊపిరి లెక్క

 పట్టాలు అందుకుని శ్వాసకోశ వైద్యాన్నీ పరిశోధననూ ఎంచుకున్న మీకు ఒక్క మాటే చెప్పాలని వచ్చాను. శంషాబాద్‌లో విమానాలు దిగడం 2008 మార్చిలో మొదలైంది. ఆ ఏడాది చుట్టుపక్కల ఊళ్లలో పుట్టిన పిల్లలు ఇప్పుడు కాలేజీ ఈడుకు వచ్చారు. ఊపిరితిత్తుల సామర్థ్యం సుమారు ఇరవై ఏళ్ల వరకే పెరుగుతుంది. ఆలోగా తగ్గిన ఎదుగుదలను తర్వాత ఏ మందూ పూడ్చలేదు. గాలి నాణ్యతను రోజూ కొలుస్తున్నారు కదా అనవచ్చు. ఆ గాలి నాణ్యతా సూచీ పీఎం 2.5 అనే సన్నని ధూళి కణాలను బరువుతో లెక్కిస్తుంది. జెట్ ఇంజిన్ వదిలే కణాల్లో ఎక్కువ భాగం వంద నానోమీటర్ల లోపువి, బరువుకు దాదాపు అందవు. లాస్ ఏంజిలిస్ విమానాశ్రయం నుంచి గాలి వీచే దిశలో పది కిలోమీటర్ల దూరాన కూడా వాటి సంఖ్య మామూలు స్థాయికి నాలుగు రెట్లు ఉందని 2014లో తేలింది. మన ప్రమాణాల్లో వాటికి పరిమితే లేదు.

బెంగళూరు హైవే మీది లారీలూ కట్టెల పొయ్యిలూ ఇంతకన్నా హాని చేయవా అని అడిగితే, చేస్తాయనే అంటాను. దేని వాటా ఎంతో విడదీసి చెప్పాలంటేనే పిల్లల ఊపిరిని ఏళ్ల తరబడి కొలవాలి. నేను విమానాశ్రయాన్ని బోనెక్కించడం లేదు, కొలత అడుగుతున్నాను. అన్నేళ్ల పని ఇక్కడ సాగదని మాత్రం అనకండి, నాకు కోపం వస్తుంది! శంషాబాద్ ఉన్న రంగారెడ్డి జిల్లాలోనే 1987-90 మధ్య పోషకాహార పరీక్షలో పాల్గొన్న కుటుంబాల పిల్లలను 2003-05లో మళ్లీ వెతికి పట్టుకున్నారు. ఆ పనే పెరిగి ‘ఆప్‌క్యాప్స్’ అధ్యయనమైంది. ఆ పల్లెల్లోనే తర్వాత గాలినీ కొలిస్తే పీఎం 2.5 సగటు ఘనపు మీటరుకు 33 మైక్రోగ్రాముల దాకా ఉంది. మన పరిమితి 40కి లోపే గానీ, ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే 5కు ఆరు రెట్ల పైన. కొలిచి ఏం లాభమంటారా? దక్షిణ కాలిఫోర్నియాలో గాలి మెరుగుపడిన కొద్దీ పిల్లల ఊపిరితిత్తుల ఎదుగుదల కూడా మెరుగైందని 2015లో రుజువైంది. దశాబ్దాల కొలతలు లేకపోతే ఆ రుజువే లేదు.

మూడేళ్లలో పేపరు రాని పనిని ముట్టని అలవాటు మన విశ్వవిద్యాలయాలకు పట్టిన జబ్బు. మీరైనా దాన్ని అంటించుకోకండి, నాయనా! ఈ ఏడాదే శంషాబాద్ మండలంలో ఒక్క ప్రభుత్వ బడికి వెళ్లండి. ఊపిరి కొలిచే స్పైరోమీటరు ఒకటి, ఎత్తు కొలిచే బద్ద, తల్లిదండ్రుల అంగీకారం చాలు. ఫలితాన్ని పత్రికకు పంపేముందు ఆ తల్లిదండ్రులకు తెలుగులో చెప్పండి, మరుసటి ఏడాది మళ్లీ అదే బడికి వెళ్లండి.