ఆట నిలవాలంటే ఒళ్లు నిలవాలి
(మణుగూరులో యువ కళాకారుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

 

మన మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చినప్పుడు మన డోలు దేశమంతా వినబడిందని సంబరపడ్డాం. 2024లో ఆయన మనల్ని విడిచి వెళ్లారు. ఇక ఆ డోలు మన భుజాల మీదే ఉంది. ఆ భుజాల గురించే ఈరోజు నాలుగు మాటలు.

మన పెద్దలు కొమ్ము నృత్యం ఆడింది పెళ్లిళ్లలో, పండుగల్లో, మట్టి నేల మీద. ఒకరు అలసిపోతే ఇంకొకరు డోలు అందుకునేవారు. మనం ఇప్పుడు సభలకు, ఊరేగింపులకు వెళ్తున్నాం. వ్యాన్ దిగగానే కొమ్ములు కట్టుకుంటున్నాం. అతిథులు వచ్చేదాకా ఎండలో నిలబడి, సిమెంటు మీద, తారురోడ్డు మీద వట్టికాళ్లతో ఆడుతున్నాం. కొమ్ముల బరువు మెడ మీద, డోలు బరువు భుజం మీద, గట్టి నేల దెబ్బ మోకాళ్ల మీద పడుతోంది. వంగి లేస్తూ రేలా ఆడే చెల్లెళ్లకు నడుం పట్టేస్తోంది.

మా బృందంలో ఒక తమ్ముడికి వేదిక అంచున కాలు మడతపడింది. ఆపితే అందరి డబ్బులూ పోతాయని ఎవరికీ చెప్పకుండా ఆట ముగించాడు. రాత్రికి చీలమండ వాచిపోయింది. మేము తెలియక నూనె రాసి గట్టిగా రుద్దాం. ఆ ఏడాది వాడు మళ్లీ ఆడలేదు. తప్పు వాడిది కాదు, బదులు మనిషిని తీసుకెళ్లని మాది.

అందుకే ఇప్పుడు కొన్ని పద్ధతులు పెట్టుకున్నాం. ఆటకు ముందు 10 నిమిషాలు నడిచి, మెడ, భుజాలు, మోకాళ్లు, చీలమండలు మెల్లగా కదిలిస్తాం. నేల ఊడ్చి మేకులు, గాజుముక్కలు తీసేస్తాం. డోలుకు వెడల్పాటి పట్టీ కట్టి, భుజానికి మెత్తని గుడ్డ వేస్తాం. అతిథులు వచ్చేదాకా కొమ్ములు కట్టం, నీడలోనే ఉంటాం. నీళ్లు, మజ్జిగ వెంట ఉంచుకుంటాం. ఇద్దరు అదనపు మనుషులు తప్పనిసరి, వారికీ సమాన వాటా.

కాలు బెణికితే వెంటనే ఆట ఆపండి. గుడ్డలో చుట్టిన ఐసు 15 నిమిషాలు పెట్టి, కట్టు కట్టి, కాలు ఎత్తులో ఉంచండి. మొదటి రెండు రోజులు రుద్దవద్దు, కాపడం పెట్టవద్దు. కాలు మోపలేకపోతే ఎక్స్‌రే తీయించండి. మేకు గుచ్చుకుంటే టీటీ సూది వేయించుకోండి. నొప్పి మాత్ర మింగి మళ్లీ ఆటలోకి దిగవద్దు.

నొప్పి ఉందని చెప్పడం సిగ్గు కాదు. మీ పిల్లలకు అడుగులు నేర్పే రోజున కూడా మీ మోకాళ్లు వంగాలి.

జై ఆదివాసీ!