నీటికి ముందే కాలువ



హుజూర్‌నగర్ ప్రాంతమున డిసెంబరు వచ్చుసరికి వానకాలపు వరికోతలు దాదాపుగా ముగియును. ఒకవంక ధాన్యము కల్లములు దాటుచుండగా, మరియొకవంక యాసంగికి నారుమడులు సిద్ధమగుచుండును. చేతికందిన పంటకును, అందవలసిన పంటకును నడుమనున్న యీ దినములలోనే క్రైస్తవుల ఆగమన కాలము వచ్చును.

క్రిస్మసుకు ముందు వచ్చు నాలుగు ఆదివారములతో కూడినది ఈ కాలము. మొదటి ఆదివారము నవంబరు 27కు ముందుగాని, డిసెంబరు 3కు తరువాతగాని రాదు. పలు దేవాలయములలో గురువులు ఊదారంగు వస్త్రములు ధరింతురు. వారమునకొక్కటి చొప్పున కొవ్వొత్తులు వెలిగింతురు. బెత్లెహేములోని జననమును స్మరించుట, ప్రభువు మరల వచ్చునని ఎదురుచూచుట, ఈ రెండును ఇందు కలసియున్నవి.

ఎదురుచూచుట యనగా చేతులు కట్టుకొని కూర్చుండుటయా? దీనికి మన నేలయే బదులు చెప్పగలదు. 1955 డిసెంబరు 10న, ఆగమన కాలముననే, నెహ్రూ నాగార్జునసాగరమునకు శంకుస్థాపన చేసెను. కాలువలలోనికి నీరు వదలినది 1967 ఆగస్టు 4న. నడుమ దాదాపు పన్నెండేండ్లు. రాళ్లు మోసినవారు, మట్టి త్రవ్వినవారు వేలకొలది. నీరు కంటికి కానరాని దినములలోనే కాలువ త్రవ్వవలసి వచ్చినది. ఎడమకాలువ క్రింది రైతు మరియొక సంగతియు నెరుగును: పెద్దకాలువ నిండుగా పారినను, పిల్లకాలువ పూడిక తీయనివాని చేను ఎండియే యుండును.

హృదయమును అట్టిదే. ఇంటికి సున్నము వేయుట, మిద్దెపై నక్షత్రము కట్టుట, పిల్లలకు క్రొత్తబట్టలు కుట్టించుట తప్పులు కావు. కాని పంపకముల తగవులో మాట మానిన అన్న ఇల్లు రెండిండ్ల అవతలనే యుండగా, ఆ గడప త్రొక్కకయే పండుగకు చేరినచో, పూడిక తీయనట్లే గదా!

ఇందుకు గొప్ప సాధనలు అక్కరలేదు. లూకా సువార్తలో 24 అధ్యాయములు కలవు. డిసెంబరు 1 నుండి దినమునకొక్కటి, దీపము పెట్టిన వేళ ఇంటిల్లిపాదియు చదివినచో, క్రిస్మసు ముందటి రాత్రికి ముగియును. చదివిన పిమ్మట కొంతసేపు మౌనము, ఆ దినమున చేసిన తప్పిదమునకు పశ్చాత్తాపము, ఒక చిన్న ప్రార్థన చాలును.

హుజూర్‌నగర్‌కు చేరువనున్న మఠంపల్లిలో శుభవార్త దేవాలయము కలదు. ఆ పేరు వినగానే దేవదూత మరియకు తెలిపిన వార్త జ్ఞప్తికి వచ్చును. ఆ వార్త విన్న మరియ ఇంట కూర్చుండలేదు. ముదిమిలో గర్భవతియైన బంధువు ఎలీసబెతు ఇంటికి త్వరపడి వెళ్లి, దాదాపు మూడు నెలలు ఆమెతో నుండెను. తాను నిరీక్షించుచునే మరియొకతె నిరీక్షణకు తోడైనది.

మన ఊళ్లలోను అట్టి తోడు కోరువారు కలరు. పంట పోయినవారు, ఈ యేడు ఇంట ఒకరిని పోగొట్టుకొన్నవారు, దూరదేశము వెళ్లిన బిడ్డకై ఎదురుచూచు తల్లులు. వారికి పండుగ భారముగా తోచవచ్చును. ఎగువవాడు తన మడి నిండగానే నీటిని దిగువకు వదలినట్లు, మన సంతోషములో కొంత వారి గుమ్మము వరకు పారనిత్తము.

నేటి రాత్రి ఒక్క అధ్యాయము. ఈ వారము ఒక్క గడప. ఇంతతో ఆరంభింతము.