రోడ్డు చప్పుడు - రోగి నిద్ర

(రోగుల బంధువులకు చేసిన ప్రసంగం)



"రాత్రంతా అమ్మకు నిద్ర లేదు డాక్టరుగారూ" అని ఉదయం రౌండ్స్‌లో మీలో చాలామంది చెబుతారు. కారణం ఎప్పుడూ నొప్పే కాదు, కిటికీ అవతలి రోడ్డు కూడా కావచ్చు. ఉప్పల్ నుండి నాగోల్ మీదుగా ఎల్.బి.నగర్ వెళ్ళే ఇన్నర్ రింగ్ రోడ్డు మీద రాత్రివేళా బండ్లు తిరుగుతూనే ఉంటాయి.

రోడ్డుకు అడ్డంగా వరుసగా వేసే సన్నని గట్లను రంబుల్ స్ట్రిప్స్ అంటారు. గడగడమని అదిరించి డ్రైవరును హెచ్చరించడమే వాటి పని. ఊరి బయట, ప్రమాదకరమైన మలుపు ముందు అవి ప్రాణాలు కాపాడతాయి. ఇళ్ళ పక్కన, ఆసుపత్రి పక్కన వేస్తే ఆ హెచ్చరిక నిద్రపోయే రోగికీ వినిపిస్తుంది.

గంటకు 40 కి.మీ. వేగంతో వెళ్ళే బండి సెకనుకు 11 మీటర్లు దాటుతుంది. మీటరుకొక గట్టు ఉంటే ముందు చక్రాలకే సెకనుకు 11 దెబ్బలు. ఖాళీ లారీ అయితే గొలుసులు, వెనుక తలుపు కూడా మోగుతాయి. ఒకే తీరు హోరుకు చెవి కొంత అలవాటు పడుతుంది. ఆగి ఆగి వచ్చే చప్పుడుకు అంత సులువుగా అలవాటు పడదు. రోగి కళ్ళు తెరవకపోయినా గుండె వేగం, రక్తపోటు పెరగవచ్చు, గాఢనిద్ర తెగిపోతుంది.

వార్డులో రాత్రి సగటు శబ్దం 30 డెసిబెల్స్ మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లో సూచించింది. మన 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల్లో నిశ్శబ్ద ప్రాంతానికి హద్దు పగలు 50, రాత్రి 40. కాని సగటు లెక్కలో ఈ గడగడలు దాగిపోతాయి.

మరి గట్లు తవ్వి పారేద్దామా? వద్దు. అతివేగం వల్ల దెబ్బలు తగిలినవారూ ఆసుపత్రులకే వస్తున్నారు. వేగం తగ్గాలి, నిద్రా దక్కాలి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పిన గుండ్రటి స్పీడ్ బ్రేకరు 3.7 మీటర్ల వెడల్పు, 10 సెం.మీ. ఎత్తు ఉంటుంది, బండిని 25 కి.మీ. వేగానికి దించుతుంది. ఏ చోట ఏది తగునో ఇంజనీర్లు చూడాలి.

మీరు చేయగలిగినవి:

1. రాత్రి రోడ్డువైపు కిటికీ మూయండి. మంచం లోపలివైపు మార్చగలరేమో సిస్టరును అడగండి.

2. సొంతంగా నిద్రమాత్ర ఇవ్వకండి.

3. ఆపరేషన్ అయినవారిని, ఎముక విరిగినవారిని ఇంటికి తీసుకెళ్ళేటప్పుడు గట్లకు ముందే నెమ్మది చేయమని ఆటో డ్రైవరుకు చెప్పండి.

4. మీ వీధిలో గట్ల వల్ల నిద్ర చెడుతుంటే స్థలం, సమయం రాసి నగరపాలక సంస్థకు అర్జీ ఇవ్వండి.

5. ఆసుపత్రి గేటు దగ్గర హారన్ కొట్టకండి.

ఈ రాత్రి మీ రోగి పక్కన ఐదు నిమిషాలు చెవి పెట్టి వినండి. ఏ చప్పుడుకు ఉలిక్కిపడ్డారో రేపు రౌండ్స్‌లో మాకు చెప్పండి.